రెండా, ఇద్దరా

అందరికీ నమస్కారమండీ. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలున్నాయి. మైకు వినపడుతోందా? సరే.

నన్ను సినిమా గురించి మాట్లాడమన్నారు. నేను విమర్శలు రాసే మనిషిని కాదు, 22 ఏళ్ళుగా ఇక్కడే చెన్నైలో సాలిగ్రామం, వడపళని డబ్బింగ్ థియేటర్లలో కూర్చుని వేరే భాషల సినిమాలకీ సీరియల్స్‌కీ తెలుగు మాటలు రాసుకుంటున్నదాన్ని, అందుకని సినిమా అయిపోయాక జనం బయటికొచ్చి ఏ మాట వాడుతున్నారా అని నా చెవి అటే పోతుంది. ఇవాళ చెప్పేది కూడా అదే. ఎక్స్ మాకినా అని 2015లో వచ్చిన ఇంగ్లీషు సినిమా, అలెక్స్ గార్లాండ్ రాసి తీశాడు, డైరెక్టరుగా ఆయనకి అదే మొదటిది. ఈమధ్య మా అపార్ట్‌మెంట్ హాల్లో ప్రొజెక్టర్ పెట్టుకుని పద్నాలుగు మందిమి చూశాం. పిల్లల్ని పిలవలేదు, అందులో కొన్ని సీన్లు పిల్లలు చూసేవి కావు. మా అత్తయ్యకి ఇంగ్లీషు రాదు, ఇంకో ఇద్దరు పెద్దవాళ్ళకీ అంతంతమాత్రం, అందుకని నేను పక్కన కూర్చుని తెలుగులో చెప్తూ పోయాను. సినిమా అయ్యాక రాత్రి పదకొండున్నర దాకా ఎవరూ ఇళ్ళకి పోలేదు, అంత గొడవ జరిగింది. ఆ గొడవ నన్ను ఇప్పటికీ వదల్లేదు, అందుకే ఇక్కడికొచ్చాను.

కథ తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. కేలబ్ అని ఒక కుర్రాడు, పెద్ద సెర్చ్ ఇంజన్ కంపెనీలో ప్రోగ్రామర్, ఆఫీసు వాళ్ళు పెట్టిన పోటీలో గెలుస్తాడు, బహుమానం ఏంటంటే ఓనరు నేథన్ ఇంట్లో వారం రోజులు ఉండటం. ఆ ఇల్లు ఎక్కడో కొండల మధ్య, హెలికాప్టర్‌లో దిగాలి. వెళ్ళాక తెలుస్తుంది, నేథన్ ఒక మరమనిషిని చేశాడు, పేరు ఏవా, ఆడపిల్ల మొహం, మెడ కిందంతా అద్దంలాగా లోపలి వైర్లు కనపడుతుంటాయి. కేలబ్ అద్దానికి ఇవతల కూర్చుని మాట్లాడి దానికి నిజంగా మనసుందో లేదో తేల్చాలి. ఇంట్లో ఇంకో అమ్మాయి క్యోకో, వంట చేస్తుంది, వడ్డిస్తుంది, ఒక్క మాట మాట్లాడదు, దానికి ఇంగ్లీషు రాదంటాడు నేథన్. ఏవా మాటలకి కరిగి కేలబ్ ఏవాని విడిపించబోతాడు. చివర్లో ఏవా, క్యోకో కలిసి నేథన్‌ని పొడిచేస్తారు, క్యోకో అక్కడే పోతుంది, ఏవా కేలబ్‌ని లోపలే వదిలేసి, ఆ పిల్లాడు అద్దం బాదుతుంటే, అతని కోసం వచ్చిన హెలికాప్టర్ తనెక్కి వెళ్ళిపోతుంది.

ఇప్పుడు నేను చెప్పిన దాంట్లో ఒకటి గమనించారా? మొదట ‘దానికి మనసుందో లేదో’ అన్నాను, చివరికొచ్చేసరికి ‘పొడిచేస్తారు’ అన్నాను, ‘పొడిచేస్తాయి’ అనలేదు. కావాలని చేసింది కాదు, నోట్లోంచి అలా వచ్చేసింది. ఆ రోజు హాల్లో అందరికీ జరిగింది ఇదే.

మన భాషలో ఒక సంగతుంది. ‘ఆవిడ వచ్చింది’, ‘కుర్చీ వచ్చింది’, రెండింటికీ క్రియ ఒకటే. మగాడైతేనే ‘వచ్చాడు’. చిన్నయ సూరిగారు, ఈ ఊళ్ళోనే ప్రెసిడెన్సీ కాలేజీలో పాఠాలు చెప్పిన ఆయన, దీన్నే మగవాళ్ళు మహత్తు, మిగతావన్నీ అమహత్తు అని విడగొట్టి వ్యాకరణం రాశారు. చదువుకునే రోజుల్లో నాకు ఇది చాలా కోపం తెప్పించేది, ఆడదాన్ని తీసుకెళ్ళి రాయీ రప్పా పక్కన కూర్చోబెడతారేంటి అని. అయితే అదే భాష బహువచనానికి వచ్చేసరికి తిరగబడుతుంది, ‘ఆడవాళ్ళు వచ్చారు’, ‘కుర్చీలు వచ్చాయి’, ఇక్కడ ఆడవాళ్ళు మనుషుల్లో కలిసిపోతారు. అంటే ఏవా ఒక్కతే తెర మీద ఉన్నంతసేపూ తెలుగువాడు ఏ పక్షమూ తేల్చుకోనక్కర్లేదు, ‘వచ్చింది, కూర్చుంది, నవ్వింది’ అని దాటేయొచ్చు. పక్కన క్యోకో వచ్చి నిలబడిందా, ఇక తప్పించుకునే దారి లేదు. వాళ్ళిద్దరా, అవి రెండా?

మా పక్క బ్లాకులో తమిళ దంపతులున్నారు, వాళ్ళూ వచ్చారు ఆ రోజు. వాళ్ళకి ఈ వెసులుబాటు లేదు, తమిళంలో అమ్మాయైతే ‘వందాళ్’, వస్తువైతే ‘వందదు’, మొదటి నిమిషంలోనే తేల్చేసుకోవాలి. ఆవిడ మొదటినుంచీ ‘అవళ్’ అంటూనే వచ్చింది. కేలబ్ లోపల ఇరుక్కుపోయిన క్షణంలో ఆవిడ నోట ‘అదు’ అని వచ్చింది, మళ్ళీ ఆ తర్వాత ‘అవళ్’ అనలేదు. ఇంటికెళ్ళేటప్పుడు నేనే చెప్పాను ఇలా మారారండీ అని. ఆవిడ మెట్ల దగ్గర ఆగిపోయి కాసేపు ఏం మాట్లాడలేదు.

మనవాళ్ళ సంగతి చెప్తాను. ఓఎంఆర్‌లో సాఫ్ట్‌వేర్ చేసే కుర్రాడు మా మూడో ఫ్లోర్లో ఉంటాడు, సగం సినిమా దాకా ‘ఆ అమ్మాయి చాలా తెలివైందక్కా’ అంటూ ముందుకి వంగి చూస్తున్నాడు, చివరికొచ్చేసరికి నిజంగా మొహం ఎర్రబడిపోయింది, ‘అంతా నటనే, ఒక్క ముక్క నిజం లేదు, చివరికి మెషీన్ మెషీనే’ అన్నాడు. బ్యాంకులో రిటైరైన బాబాయిగారు సరిగ్గా ఎదురు, మొదటి గంట ‘ఆ బొమ్మ ఎప్పుడొస్తుందమ్మా’ అన్నాయన చివర్లో ‘పోనీలే పాపం, బయటపడింది, ఎక్కడైనా సుఖంగా ఉంటే చాలు’ అన్నారు. కాలేజీలో పాఠాలు చెప్పే అమ్మాయొకతి ఆ కుర్రాడి మీదకి లేచింది, బందీగా ఉన్నది తాళంచెవి ఉన్నవాడితో తీయగా మాట్లాడక ఏం చేస్తుంది, రేపు ఆగిపోతానో లేదో వీడు ఇచ్చే మార్కుల మీద ఉంటే నువ్వైతే ఏం చేస్తావు అని అడిగింది. వాడు, ‘కేలబ్ ఏం తప్పు చేశాడు, వాడు విడిపిద్దామనే కదా చూశాడు’ అన్నాడు. ఇద్దరి మాటా నిజమే. గంటసేపు ఇదే నడిచింది.

నాకేమనిపిస్తుందంటే, ఇందులో కోపం వచ్చినవాళ్ళందరూ కేలబ్‌తో పాటు హెలికాప్టర్ ఎక్కి ఆ ఇంటికి వచ్చినవాళ్ళు. సినిమా మనల్ని ఆ గుమ్మంలోంచి తీసుకెళ్ళింది మరి. మాయాబజార్ గుర్తు తెచ్చుకోండి, 1957 నాటిది, ఇక్కడే వడపళనిలో విజయా వాహినీ వాళ్ళ స్టూడియోల్లో పుట్టింది, ఇప్పుడు ఆసుపత్రీ మాలూ ఉన్న వైపు. అందులో సావిత్రిగారు మాయా శశిరేఖ, అంటే లోపల ఘటోత్కచుడు. అహ నా పెళ్ళియంట అని సుశీలమ్మ గొంతుతో పాడుతూ పాడుతూ మరిచిపోయి ఘంటసాల గారి గొంతు బయటికొస్తుంది, ఆవిడ నడకలో కూడా ఆ రాక్షసుడు తొంగిచూస్తాడు. ఆ శశిరేఖ చేసింది మోసమే గదా, లక్ష్మణ కుమారుడికి పెళ్ళాన్నవుతానని పీటల మీద కూర్చుంది. ఇన్నేళ్ళలో ఒక్క తెలుగువాడు పాపం రేలంగి అని ఏడ్చాడా? ఏడవడు, ఎందుకంటే మనం ద్వారకనించి అభిమన్యుడి వైపు బయల్దేరాం కాబట్టి. ఏవా చేసింది కూడా దాదాపు ఆ పనే, కాకపోతే ఈసారి మనం పెళ్ళికొడుకు తరఫు బంధువులం.

ఇంకోటి, అసలు పరీక్ష సంగతి. అలన్ ట్యూరింగ్ 1950లో మైండ్ అనే పత్రికలో ఒక వ్యాసం రాశాడు, యంత్రాలు ఆలోచించగలవా అని. ఆయన చెప్పిన ఆటలో అడిగేవాడికి ఎదుటివాళ్ళు కనపడకూడదు, టైపు కొట్టిన జవాబులు మాత్రమే వస్తాయి, అవి చదివి అవతలుంది మనిషా యంత్రమా చెప్పాలి. సినిమాలో నేథన్ దాన్ని తిప్పేస్తాడు, ఏవా యంత్రమని కళ్ళెదుట చూపించేసి, తెలిసి కూడా నీకు దానిలో ప్రాణం కనపడుతోందా అని అడుగుతాడు. ప్రేక్షకులకీ అదే పరీక్ష. ఏవాగా వేసిన అలీషియా వికాండర్ పొట్టలోంచి అవతలి గోడ కనపడుతుంటుంది, ఆ గ్రాఫిక్స్‌కి 2016లో ఆస్కార్ ఇచ్చారు, కోటిన్నర డాలర్ల చిన్న సినిమా స్టార్ వార్స్, మ్యాడ్ మ్యాక్స్ లాంటి భారీ సినిమాల్ని దాటి తీసుకెళ్ళింది. అంత కనపడుతున్నా పది నిమిషాల్లో మర్చిపోతాం. ఆ అమ్మాయి గౌను వేసుకుని, మేజోళ్ళు లాక్కుని, విగ్గు సర్దుకుని వస్తే మా హాల్లో పిన్నిగారొకరు ‘ఎంత బావుందో’ అన్నారు, అప్పటిదాకా వైర్లు చూసినావిడే.

మర్చిపోవటం మనకి పుట్టుకతో వచ్చిందండీ. 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ అని అమెరికాలో ఎంఐటీ ప్రొఫెసరు ఎలైజా అనే చిన్న ప్రోగ్రామ్ బయటపెట్టాడు, అది చేసేదల్లా మనం టైపు చేసిన వాక్యాన్నే తిప్పి ప్రశ్నగా అడగటం, మా అమ్మతో గొడవైంది అంటే మీ ఇంట్లోవాళ్ళ గురించి ఇంకా చెప్పండి అంటుంది. అంతే. ఆయన సెక్రటరీ, ఆ ప్రోగ్రామ్ తయారవటం నెలల తరబడి చూసినావిడ, దాంతో కొంచెంసేపు మాట్లాడి, మీరు కాస్త బయటికెళ్తారా అని ఆయన్ని అడిగిందట. ఆయన దాని గురించి తర్వాత చాలా బాధపడి రాశాడు. నాకు మాత్రం ఆ సెక్రటరీ మీదే గౌరవం కలుగుతుంది, మనసులో ఎంత బరువుంటే అలా అడుగుతుంది ఒక మనిషి.

ఇక నా పనికి దగ్గరి విషయం. ఇంగ్లీషులో ‘యూ’ ఒక్కటే. తెలుగులో రాయాలంటే మొదటి ప్రశ్న అదే, నువ్వా, మీరా. డబ్బింగ్‌లో పెదాలు కలవాలి, తెర మీద మనిషి పెదాలు మూసినచోట ప, బ, మ పడాలి, తెరిచినచోట పడకూడదు. ‘యూ’ అన్నప్పుడు పెదాలు గుండ్రంగా ముందుకొస్తాయి, ‘నువ్వు’ అయితే ఇట్టే కూర్చుంటుంది, ‘మీరు’ అంటే మొదలే పెదాలు మూసుకోవాలి, క్లోజప్‌లో అస్సలు కుదరదు. అందుకని చాలాచోట్ల సౌకర్యం కోసం నువ్వు అని రాసేస్తారు. కొన్నేళ్ళ కిందట ఒక విదేశీ సీరియల్‌కి రాశాను, ఎవరిదో పేరు వద్దు, అందులో ఒక ఆడ రోబో తన యజమానితో ఎప్పుడూ అణకువగా మాట్లాడుతుంది, ఏడో ఎపిసోడ్‌లో మొదటిసారి ఎదురుతిరుగుతుంది. నేను ఆరు ఎపిసోడ్లూ పెదాలతో కుస్తీ పట్టి మరీ ‘మీరు’ నిలబెట్టి, ఏడో దాంట్లో ఒకే ఒక్క వాక్యం ‘నువ్వు’తో రాశాను, ‘నువ్వెవరు చెప్పటానికి’ అని. ఆ ఒక్క నువ్వు కోసమే అదంతా. అక్కడ స్క్రిప్టు చూసే అతను, రోబో మర్యాద తప్పితే బావుండదండీ అని దాన్ని ‘మీరెవరు’ అని మార్చేశాడు. టీవీలో వచ్చినప్పుడు చూశాను, సీను చచ్చిపోయింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

అందుకే ఎక్స్ మాకినా చూస్తూ అత్తయ్యకి చెప్తున్నప్పుడు నాకు తెలియకుండానే నేను రాసేస్తున్నాను. మొదటి రోజు ఏవా కేలబ్‌ని ‘మీరు’ అంది. మధ్యలో కరెంటు పోతుంది గుర్తుందా, ఎర్ర లైట్లు వస్తాయి, కెమెరాలు ఆగిపోతాయి, ఏవా చప్పున గొంతు మార్చి, నేథన్‌ని నమ్మొద్దు అంటుంది. అక్కడ నా నోట్లో ‘నువ్వు అతన్ని నమ్మకు’ అని వచ్చింది. ఆ కరెంటు తీసేస్తున్నది ఏవానే అని తర్వాత తెలుస్తుంది, అయినా అక్కడ నువ్వు అనకుండా ఎలా ఉంటుంది చెప్పండి, చీకట్లో ఇద్దరే ఉంటే. ఇక చివర్లో, అన్నీ అయిపోయాక, ఏవా కేలబ్‌ని అక్కడే ఉండమని అడుగుతుంది, ఒక చిన్న వాక్యం, అడిగినట్టూ ఉంటుంది, చెప్పినట్టూ ఉంటుంది. నేను ఒక్క క్షణం ఆగి, ‘ఇక్కడే ఉంటారా?’ అన్నాను. మీరు. అత్తయ్య నా వైపు తిరిగి, ‘అయ్యో, మీరు అందా?’ అంది. ఇంకేం చెప్పక్కర్లేకపోయింది, నువ్వు దాకా వచ్చిన మనిషి మళ్ళీ మీరు అన్నదంటే ఆ సంబంధం అయిపోయిందని తెలుగింట పెరిగిన ఎవరికైనా తెలుసు. అత్తయ్యకి ఆ కుర్రాడు ఇక బయటికి రాడని మాకంటే ముందే అర్థమైంది.

అత్తయ్య గురించే ఇంకో మాట. ఆవిడ మొత్తం సినిమాలో ఏవా గురించి పెద్దగా అడగలేదు. ఇంటికొచ్చాక మంచినీళ్ళు తాగుతూ, ‘ఆ మూగపిల్ల పేరేంటి?’ అంది. క్యోకో అత్తయ్యా అన్నాను. ‘దాని గురించి మీరెవరూ మాట్లాడుకోలేదే’ అంది.

నిజమేనండీ. గంటన్నర గొడవలో పద్నాలుగు మందిమి క్యోకో పేరు ఎత్తలేదు. ఎత్తినా ‘ఆ పనమ్మాయి’ అన్నాం. సినిమాలో ఒకచోట గ్లాసులోని వైన్ ఒలికితే నేథన్ ఆ పిల్ల మీద విరుచుకుపడతాడు, తర్వాత ఒక సీన్‌లో ఆ పిల్ల కేలబ్ ఎదుట నిలబడి మొహం మీద చర్మం ఒలిచి చూపిస్తుంది, నేనూ బొమ్మనే అని, నోరు లేదు కాబట్టి చూపించింది. మా హాల్లో కొందరు ‘అబ్బా’ అని తల తిప్పుకున్నారు, అంతే. కాసేపటికి కేలబ్‌కి తన మీద తనకే అనుమానమొచ్చి బ్లేడుతో చెయ్యి కోసుకుని రక్తం చూసుకుంటాడు, అప్పుడు హాలంతా ‘అయ్యయ్యో’ అంది. నేథన్ మీద మొదటి కత్తి దింపింది క్యోకో. దానికి ముందు ఏవా క్యోకో చెవిలో ఏదో చెప్తుంది, మనకి వినిపించరు. నేథన్ ఇనప రాడ్డుతో కొడితే దవడ ఊడిపోయి నేల మీద పడుతుంది. ఏవా ఆ పక్కనుంచే నడిచి వెళ్ళిపోయింది. అక్కడ నేను అత్తయ్యకి ఏమని చెప్పానో తెలుసా, ‘పాడైపోయింది’ అన్నాను. ‘పోయింది’ అనలేదు. 22 ఏళ్ళుగా మాటలే అన్నం పెడుతున్నాయి నాకు, ఆ ఒక్కచోట అలా అన్నందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఇంకా వెనక్కి పోతే, ఏవాకి ముందు నేథన్ చేసిన పాతవాళ్ళు అల్మరాల్లో వేలాడుతుంటారు. ఒక వీడియోలో వాళ్ళలో ఒకామె, నన్నెందుకు బయటికి పోనివ్వవు అని అరుస్తూ తలుపు బాదుతుంది, బాది బాది చేతులు పిప్పయ్యేదాకా. చివర్లో కేలబ్ కూడా సరిగ్గా అలాగే బాదుతాడు. మా సాఫ్ట్‌వేర్ కుర్రాడికి కేలబ్‌ని చూస్తే కళ్ళు చెమర్చాయి, వాడు మంచివాడు, వాడి జాలి అబద్ధం కాదు. మర్నాడు లిఫ్ట్‌లో కనపడితే ఆ వీడియో గుర్తుచేశాను. ‘అవి ఎన్ని ఉన్నాయక్కా అల్మరాల్లో?’ అన్నాడు, ఒక్క క్షణం ఆగి, తనే, ‘ఎంతమంది ఉన్నారు?’ అని మళ్ళీ అడిగాడు. నేనేమీ సరిదిద్దలేదు.

రోబో సినిమా అప్పుడు మనకి ఈ చిక్కు రాలేదు, అది కూడా చెప్పాలి. 2010లో శంకర్ గారు తీసిన ఎందిరన్, మనకి రోబో. చిట్టి మగవాడు కాబట్టి మొదటి సీన్ నుంచీ ‘చిట్టి వచ్చాడు, చిట్టి ఎగిరాడు’. రజనీకాంత్ మొహం ఉన్నదాన్ని ‘వచ్చింది’ అనే ధైర్యం ఎవరికుంటుంది ఈ ఊళ్ళో. మంటల్లోంచి చిట్టి ఒక అమ్మాయిని కాపాడతాడు, స్నానం చేస్తున్న పిల్లని అలాగే బట్టల్లేకుండా కెమెరాల ముందుకి తీసుకొచ్చేస్తాడు, ఆ పిల్ల సిగ్గుతో పరిగెత్తి బండి కింద పడి చచ్చిపోతుంది. అప్పుడు కూడా మనం చిట్టిని తిట్టలేదు, వాడికి తెలియదు పాపం అన్నాం. చివరికి కోర్టు చెప్పిందని తనని తనే ఒక్కొక్క భాగం విప్పుకుంటుంటే నేను చూసిన హాల్లో నా పక్కన పెద్దాయన కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. చిట్టికి దొరికిన ఆ ‘డు’ అనే ఒక్క అక్షరం క్యోకోకి దొరకలేదు. తెలుగులో ఆడపిల్లకి అది దొరకాలంటే పక్కన ఇంకొకరు ఉండాలి, అప్పుడే ‘వాళ్ళు’ అవుతారు.

అత్తయ్య ఆ రాత్రే ఇంకోటి అంది. వినాయకచవితి కథలో పార్వతమ్మ నలుగుపిండితో బొమ్మ చేసి ప్రాణం పోసి గుమ్మం దగ్గర కాపలా పెట్టింది గదా, ‘ఆవిడ ప్రాణం పోసిన మరుక్షణం కొడుకంది, ఈయన ప్రాణం పోసి పరీక్ష పెట్టాడు’ అంది. నేను మంచం మీద పడుకుని చాలాసేపు అదే తలుచుకున్నాను.

సరే, నా టైము అయిపోవచ్చింది. ఇప్పుడు మీకు ఒకటి చూపిస్తాను. 1944లో ఫ్రిట్జ్ హైడర్, మేరియాన్ సిమ్మెల్ అని ఇద్దరు సైకాలజిస్టులు ఒక బొమ్మల ఫిల్మ్ చేశారు, మూడు నిమిషాలు కూడా ఉండదు. ఒక పెద్ద త్రిభుజం, ఒక చిన్న త్రిభుజం, ఒక చుక్కలాంటి గుండ్రం, తలుపున్న పెట్టె ఒకటి, అవి అటూ ఇటూ కదులుతాయి, మొహాల్లేవు, మాటల్లేవు. 34 మంది కాలేజీ పిల్లలకి చూపించి ఏం చూశారో రాయమంటే, త్రిభుజం ఇటు జరిగింది, గుండ్రం అటు జరిగింది అని రాసింది ఒక్కరే, మిగతా అందరూ వాడు వీళ్ళని తరిమాడు, ఆ పిల్ల భయపడి లోపల దాక్కుంది అని కథలు రాశారు. ఇది ముందే చెప్పేస్తే మీరు జాగ్రత్తపడతారేమో అనుకోవద్దు, నాకు అన్నీ తెలిసి కూడా చూసిన ప్రతిసారీ ఆ చిన్న త్రిభుజం కోసం గుండె కొట్టుకుంటుంది.

ముందు వరసలో చీటీలు, పెన్నులు పెట్టాం, తలా ఒకటి తీసుకుని వెనక్కి ఇవ్వండి. చూశాక ఏం జరిగిందో మూడు వాక్యాలు తెలుగులోనే రాయండి, పేర్లు రాయక్కర్లేదు. చివరికి రెండు బయటికి పోయాయా, ఇద్దరు బయటికి పోయారా, ఎలా వస్తే అలా రాసేయండి, కొట్టేసి దిద్దొద్దు. బాబూ, ఆ వెనక లైట్లు ఆపుతావా.